కందెన పెట్టని ఇరుసు

వంశధారకు పెద్ద వరద వచ్చిన ముప్పై ఎనిమిదో ఏట ఇదంతా జరిగింది. మా ఊళ్ళో ఏళ్ళు అలాగే లెక్కపెడతారు. పెళ్ళి వరదకు ముందా, వెనకా అని అడుగుతారు. పిల్ల వరదకు ఎన్నో ఏట పుట్టిందని అడుగుతారు. తేదీ అడిగితే గోడవైపు చూస్తారు.

నేను ఒక ఎడ్లబండి ఇరుసును. ఇరుసంటే తెలియనివాళ్ళు ఈ రోజుల్లో ఎక్కువ కాబట్టి చెబుతాను. రెండు చక్రాలనూ కలిపి, బండి బరువంతా మోసే ఇనుప కడ్డీ ఇరుసు. నడుమంతా నాలుగు పలకలుగా ఉంటుంది. బండి చెక్కలో కదలకుండా కూర్చోవాలి కదా. రెండు చివరలు మాత్రం, జానెడు పైచిలుకు, గుండ్రంగా నున్నగా ఉంటాయి. వాటి మీద చక్రాలు తిరుగుతాయి. తిరిగేచోట కందెన రాస్తారు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపితే కందెన. నల్లగా జారుతుంటుంది. నా బతుకంతా ఆ పలకలకూ ఈ గుండ్రానికీ మధ్యనే గడిచింది.

నన్ను చేసినవాడు కమ్మరి సోమయాచారి. పాత రైలుపట్టా ముక్కను మూడు రోజులు కొలిమిలో పెట్టి, సమ్మెటతో బాది, నాకు ఈ రూపం తెచ్చాడు. "మనుషులు పోతారు గానీ ఇది పోదు" అని నన్ను కొన్న అన్నదమ్ములకు చెప్పాడు. కమ్మరివాళ్ళు ప్రతి ఇరుసుకూ ఆ మాట చెబుతారు. నా విషయంలో అది నిజమవుతుందని ఆయన అనుకొని ఉండడు.

అన్న పేరు అసిరయ్య. పెళ్ళయి ఏడాది పిల్లాడున్నవాడు. తమ్ముడు ముఖలింగం. అప్పటికి ఇరవై రెండేళ్ళు, మీసం కొత్త, బండి కొత్త. మాటలు కూడా ఉండేవి అప్పట్లో.

వరద వచ్చిన రోజు పొద్దున్న అన్నదమ్ములిద్దరూ గోగునార మోపులు వేసుకుని అవతలి ఒడ్డున సంతకు బయలుదేరారు. అప్పుడు వంతెన లేదు. ఏటిలోంచే బండి. చక్రాలు తీసి కందెన పెడుతున్నది ముఖలింగం.

"అంతెందుకురా, కారిపోతాది" అన్నాడు అసిరయ్య.

"కారనీ. కిర్రుమనకండా పోవాల. పెళ్ళివారి బండి అనుకోవాల ఊరు."

"నార మోపులతో ఎల్లే పెళ్ళివారెవుర్రా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ముఖలింగం ఇంకో రెండు వేళ్ళ కందెన తీసి నా చివరలకు రాశాడు.

పొద్దున్న ఏట్లో నీళ్ళు మోకాలి లోతు. సంత చూసుకుని తిరిగి దిగేసరికి మధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు లేదు. వాన ఎక్కడో ఎగువ కొండల్లో పడింది. ఏరు నడిమికి వచ్చాక ఎడ్లు చెవులు రిక్కించి ఆగిపోయాయి. ముఖలింగం కొరడా ఎత్తాడు. పశువులకు తెలిసింది మనిషికి తెలియలేదు. ఎర్రటి నీరు గోడలా వచ్చింది.

బండి తిరగబడింది. ఒకవైపు చక్రాన్ని ఆపే కడసీల ఊడి చక్రం కొట్టుకుపోయింది. నా గుండ్రటి చివర ఒకటి గాలిలోకి తేలింది. ముఖలింగం నా నడుం పట్టుకున్నాడు, పలకలున్న చోట. అసిరయ్యకు అందింది ఆ చివర. రెండు చేతులతో పట్టుకున్నాడు. మంచి పట్టే. బస్తాలు మోసిన చేతులు.

కానీ అక్కడ కందెన ఉంది.

వేళ్ళు ఒక్కొక్కటే జారాయి. నాకు లెక్క తెలుసు. చిట్టచివర జారింది ఎడమచేతి చిటికెనవేలు. జారే ముందు తమ్ముడివైపు చూసి, "నువ్వు ఒగ్గకురా" అన్నాడు. అంతే.

ముఖలింగం ఒగ్గలేదు, పట్టు వదల్లేదు. బండి చెక్క తేలుతూ పోయి ఎక్కడో తుమ్మపొదల్లో చిక్కుకుంది. జనం వచ్చి పట్టు విడిపించడానికి ఒక్కో వేలినీ లాగి తీశారట అంటారు. "ట" అక్కర్లేదు. నేనున్నాను అక్కడ. అరచేతుల్లో నా మూలలు దిగబడి ఉన్నాయి.

అసిరయ్య దొరకలేదు.

మనిషిని తీసుకున్న ఇరుసును మా ఊళ్ళో మళ్ళీ బండికి ఎక్కించరు. పదో రోజున తీసుకెళ్ళి ఏటికే ఇచ్చేస్తారు. పెద్దలు వచ్చి అడిగారు. ముఖలింగం ఇవ్వలేదు. ఎందుకివ్వవు అంటే మాట్లాడలేదు. అప్పటి నుంచి ఆయన మాట్లాడడం తగ్గింది. మొదట బాధ అనుకున్నారు. తర్వాత స్వభావం అనుకున్నారు. మనుషులు ఒకదానికి పేరు పెట్టేశాక ఇక దాన్ని చూడరు.

నన్ను ఇంటివెనక పాకలో పెట్టాడు. రోజూ పొద్దున్న వచ్చి, నా నడుం రెండు చేతులా పట్టుకుని, లేపి, గుండెల దగ్గర పెట్టుకుని నిలబడేవాడు. చేతులు వణికేదాకా. దాన్ని కసరత్తనుకున్నారు. నెమ్మదిగా ఆ కసరత్తుకే ఒళ్ళు కండలు తిరిగింది. ఆ ఒళ్ళు చూసి ఊరి కుర్రాళ్ళు వచ్చారు. రంగుడబ్బాల్లో సిమెంటు పోసి బిళ్ళలు చేశారు. వాటిని నా చివరలకు దిగేశారు. అలా నేను బరువులెత్తే ఇరుసునయ్యాను. నన్నెత్తినవాళ్ళలో కొందరు పోటీలకెళ్ళారు. ఒకరిద్దరికి పోలీసు ఉద్యోగాలొచ్చాయి. ముఖలింగానికి గురువుగారని పేరొచ్చింది. ఆ గురువుగారు నేర్పేది ఒకటే మాట.

"మూల పట్టు. మూల పట్టినోడు ఒగ్గడు."

నాకు ఎప్పుడూ కందెన పెట్టలేదాయన. ఎవర్నీ నూనెచేత్తో ముట్టుకోనివ్వలేదు. సిమెంటు బిళ్ళలు తీసేసినప్పుడు నా చివరల మీద గోనెపట్టా కప్పేవాడు. వానాకాలంలో ఏరు హోరుమనడం మొదలుకాగానే తాడు తెచ్చి నన్ను పాక రాటకు కట్టేసేవాడు. ఏటికి అర కిలోమీటరు దూరంలో ఉన్న పాకలో, నేల మీదున్న ఇనుము ఎక్కడికి కొట్టుకుపోతుందని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళను అలాంటివి అడగరు.

ఇంకోటి కూడా చెప్పాలి. వేసవిలో నా నడుం కాలిపోతున్నా ఆ ఒక్క చివర చల్లగా ఉండేది. నీడ పడే చోటు కాదది. ఎందుకో నాకు తెలియదు. ఇనుముకు అన్నీ తెలియవు.

ఇక పిల్ల సంగతి. వరదనాటికి ఏడాది పిల్లాడన్నాను కదా, దాలినాయుడు, అతనికి కలిగిన కూతురు హైమ. తండ్రి హైదరాబాదులో మేడలు కట్టే పనిలో ఉంటాడు. తల్లి తవిటమ్మ ఇక్కడే పొలం పనికి పోతుంది. ముఖలింగం పెళ్ళి చేసుకోలేదు గనక ముగ్గురిదీ ఒకటే పొయ్యి.

హైమ ఆరో ఏట పాకలోకి వచ్చి నా మీద కూర్చుంది. ఏడో ఏట నన్ను దొర్లించింది. తొమ్మిదో ఏట లేపింది. పాకలోకి వచ్చిన అందరిలోనూ నన్ను అంత శ్రద్ధగా పట్టుకున్నవాళ్ళు లేరు. నా నాలుగు మూలల్లో ఏ మూల ఏ వేలి కణుపులో పడాలో చూసుకుని మరీ పట్టేది. ఆ అరచేతుల్లో బారుగా కాయలు కట్టాయి. బళ్ళో పిల్లలు ఆ చేతులు చూసి, "ఇరుసమ్మ" అని పిలిచేవాళ్ళు. "ఇరుసమ్మ గుద్దితే ఎలాగుంటాదో సూత్తావేటి?" అనేదిట హైమ. తర్వాత పిలవడం మానేశారు.

అయిదో తరగతిలో ఉండగా మాఘమాసంలో పట్నంలో పిల్లల పోటీ పెట్టారు. మొదటిసారి బయటికెళ్ళింది. మూడుసార్లు ఎత్తబోయింది, మూడుసార్లూ పడేసింది. సాయంత్రం పాకలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. ముఖలింగం మేకకు ఆకు వేస్తున్నాడు.

"అక్కడ కడ్డీ గుండ్రంగా ఉన్నాది సిన్తాతా. పట్టుకుంటే సేతిలో తిరిగిపోతన్నాది."

"సెమట."

"సెమట కాదు. దానికి మూల్లేదు."

ముఖలింగం ఆకు కిందపడితే ఏరుకున్నాడు.

పోటీల్లో ఎత్తే కడ్డీ ఎక్కడైనా గుండ్రంగానే ఉంటుందని ఆయనకు తెలియక కాదు. కుర్రాళ్ళు ఎందరో వచ్చి చెప్పారు. వాళ్ళు పట్నం వెళ్ళి అక్కడ మళ్ళీ మొదటినుంచి పట్టు నేర్చుకునేవాళ్ళు. గురువుగారి ఎదుట ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. గుండ్రటి ఇనుం ఒక్కటి కూడా పాకలోకి రానివ్వలేదాయన. ఒకరు నీళ్ళపైపు ముక్క తెస్తే వీధిలోకి విసిరేశాడు.

ఆ వేసవిలోనే గురుకుల పాఠశాల సంగతి వచ్చింది. ఏటికి అవతల, నలభై కిలోమీటర్లు. అక్కడే ఉండి చదువుకోవాలి. రాతపరీక్షలో హైమకు రెండు మార్కులు తగ్గాయి. కానీ ఆటలాడే పిల్లలకు నాలుగు సీట్లు విడిగా ఉన్నాయట. వాటికి వేరే దరఖాస్తు. ఉగాది వెళ్ళిన ఇరవయ్యో రోజున అక్కడికెళ్ళి, వాళ్ళ కడ్డీ ఎత్తి చూపించాలి. బళ్ళో ఆడే ఆట అయితే హెడ్మాస్టరు సంతకం చాలు. బయట నేర్చుకునే ఆట గనక నేర్పినవాళ్ళ సంతకం కూడా కావాలి. ఈ పిల్ల ఇకనుంచి మీ దగ్గరే నేర్చుకుంటుంది, నాకు సమ్మతమే అని.

ఆ దరఖాస్తును హైమే నింపింది. పాకలో కూర్చుని పైకి చదువుకుంటూ రాసింది కనుక నాకు తెలుసు. ఎక్కడ నేర్చుకుంటున్నారు అన్నచోట, "మా పాకలో". ఏ పరికరం మీద అన్నచోట, "ఇరుసు".

మర్నాడు బళ్ళోంచి వచ్చి తల్లికి చెప్పింది. "ఇరుసని రాత్తే నవ్వుతారమ్మా, బార్‌బెల్ అని రాయి అన్నారు హెడ్మాస్టారు. అది ఇరుసే కదండీ అన్నాను."

"ఆయనేటన్నారు?"

"నవ్వినారు."

తవిటమ్మ ఆ కాగితం తెచ్చి ముఖలింగం ముందు పెట్టింది.

"సినమావా, సంతకం నీదేనట."

ముఖలింగం తాడు పేనుతున్నాడు.

"మూడు పూట్లా కూడెడతారు. సదువు, ఆట రెండూ అక్కడే. ఇక్కడ నాతో నారుమడిలో దిగి ఏటి బావుకుంటాది? ఏటంటావు?"

"ఏటంటాను."

"అనకపోతే ఎలగ?"

తాడు పేనడం ఆపి అన్నాడు. "ఏరు దాటాల."

"వంతెనున్నాది కదా మావా. పదేనేళ్ళయ్యింది ఏసి."

"ఉన్నాది" అన్నాడు. కాగితం తీసి పాక చూరులో దోపాడు. వరద తర్వాత ఆయన ఒక్కసారి కూడా ఏరు దాటలేదు. పెళ్ళికి దాటలేదు, చావుకు దాటలేదు.

కాగితం చూరులో పదకొండు రోజులుంది. హైమ రోజూ నన్ను ఎత్తేటప్పుడు కళ్ళు పైకెత్తి దాన్ని చూసేది. అడగలేదు. ఆ పిల్లకు కూడా పెద్దాయన స్వభావమే పట్టిందనుకున్నాను. కాదు. అడిగేదానికి వేరే దారి వెతుక్కుంటోంది.

ఒకరోజు మధ్యాహ్నం ముఖలింగం పొలంలో ఉండగా హైమ పాకలోకి వచ్చింది. సిమెంటు బిళ్ళలు రెండూ తీసేసింది. గోనెపట్టా లాగేసింది. నా ఒక చివరను రాతికి ఆనించి, రెండో చివర గుండ్రటి చోట రెండు చేతులూ వేసి లేపడం మొదలుపెట్టింది. లేపుతుంది, దించుతుంది. నాలో గుండ్రంగా ఉన్నది అంతే కదా. ఉన్నదాంతోనే నేర్చుకుందామనుకుంది పాపం.

రెండు చివరల్లో ఏది పట్టుకుందో తనకు తెలియదు. నాకు తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత అక్కడ వేళ్ళు పడ్డాయి. అదే వరస. ఎడమచేతి చిటికెనవేలు అన్నిటికంటే చివర.

ముఖలింగం గుమ్మంలోకి వచ్చి అలాగే నిలబడిపోయాడు. నాగలి కర్రు చేతిలోంచి జారింది.

"ఒగ్గు."

"ఏటి?"

"అక్కడ ఒగ్గు."

"ఇక్కడే గుండ్రంగా ఉన్నాది సిన్తాతా."

"ఒగ్గుమన్నానా." కేక పెట్టాడు. అంతకుముందు ఆయన కేక విన్నవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. దొడ్లోంచి తవిటమ్మ పరుగెత్తుకొచ్చింది. ముఖలింగం వచ్చి పిల్ల చేతులు పట్టి లాగాడు. పిల్ల ఒగ్గలేదు. ఆయన లాగుతున్నాడు, అది బిగిస్తోంది. ఆయన ఒగ్గేశాడు.

నేల మీద కూలబడి, నావైపు చూస్తూ అన్నాడు.

"మీ తాత అక్కడే పట్టుకున్నాడు. కందెన నానే పెట్టినాను. సాలన్నా వినకండా పెట్టినాను."

ముప్పై ఎనిమిదేళ్ళకు మూడు మాటలు. తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కేకలు పెట్టి ఏడిస్తే మామగారు అసిరయ్య ఈ రోజే పోయినట్టుంటుందని కాబోలు.

హైమ తన చేతులవైపు చూసుకుంది. తర్వాత నా చివర మీద అరచెయ్యి మళ్ళీ ఆనించి, ఇటూ అటూ తిప్పింది.

"ఇప్పుడు కందెన లేదు కదా సిన్తాతా."

ఆయన గోనెపట్టా చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు ఇది పట్టుకోడం రావాల. అక్కడ మూల ఉండదు."

మర్నాడు పొద్దున్నే ముఖలింగం నన్ను భుజాన వేసుకుని బయలుదేరాడు. చూరులో కాగితం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఏటికి ఇచ్చేస్తాడనుకున్నాను. అందుకు సిద్ధంగానే ఉన్నాను. ఏటి ఒడ్డున నిలబడ్డాడు కూడా. తర్వాత పక్కకు తిరిగి వంతెన ఎక్కాడు.

నడిమి గీత మీదే నడిచాడు. వెనక బస్సు హారను కొట్టినా పక్కకు జరగలేదు. కిందికి చూడలేదు. నేను చూశాను. ఎండాకాలపు ఏరు. ఇసుకలో మూడు సన్నటి పాయలు. పిల్లలు కూర్చుని ఆడుకుంటున్నారు. ఇంత నీటికేనా మేము ఇన్నేళ్ళు భయపడింది అనిపించింది. వానాకాలం గుర్తొచ్చి ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అవతల ఊళ్ళో లేత్ మిషను ఉంది. దాని యజమాని నన్ను వేలితో తట్టి చూశాడు.

"మంచి ఇనుము పెద్దాయనా. ఇలాటిది ఇప్పుడు లేదు. మూలలు తీసేత్తే ఇంక బండికి పనికిరాదు మరి."

"ఎప్పుడో పనికిరాకండా పోనాది. నడుమే తియ్యి. సివర్లు ముట్టుకోకు."

నన్ను బిగించి తిప్పారు. నొప్పి అనను. ఇనుముకు ఆ మాట పెద్దది. నా నాలుగు మూలలూ చుట్టలు చుట్టలుగా నేలమీద రాలాయి. ఆరేడు కిలోలుంటాయి. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన అరచేతుల్లో ఉన్నది ఆ పొట్టే. ఒక చుట్టను తీసి చూసి కింద పడేశాడు. యజమాని దగ్గర పెన్ను అడిగి, నా మీదే కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. మూడో తరగతి సంతకం, అక్షరం అక్షరం విడివిడిగా. అరగంట పట్టింది.

తర్వాత తొమ్మిది రోజులు పొద్దున్నా సాయంత్రం హైమ నన్ను పట్టుకుంది. మొదట్లో అరచేతుల్లో కాయలు పగిలాయి. మూలను వెతుక్కునే వేళ్ళకు మూల దొరికేది కాదు. "తిరగనీ" అనేవాడు ముఖలింగం. "నువ్వూ దాంతో తిరుగు." ఆ మాట ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు. ఎప్పుడో తెలిసే ఉంటుంది. చెప్పలేదంతే.

ఇరవయ్యో రోజున జరిగింది తవిటమ్మ వచ్చి పాకలో చెప్పింది. మొదటిసారి పడేసిందట. రెండోసారి లేచిందట. మూడోసారి ఇరవై ఎనిమిది కిలోలు ఎత్తి, దించమనేదాకా దించలేదట. ప్రిన్సిపాల్ మేడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే ఇరుసు మీదండీ అందట. అందరూ నవ్వారట. సీటు ఇచ్చారట.

"ఊఁ" అన్నాడు ముఖలింగం. అంతే. ఆ రోజు మేకకు ఆకు రెండుసార్లు వేశాడు.

తొలకరి పడ్డాక హైమ వెళ్ళింది. రేకుపెట్టె బయట పెట్టి, పాకలోకి వచ్చి, వంగి నా చివర గట్టిగా పట్టుకుంది. ఆ చివరే. "ఎల్లొత్తాను" అంది. ఎవరితో అందో అడగకండి. ముఖలింగం గుమ్మంలో ఉన్నాడు, విన్నాడు. వంతెన మొదలుదాకా పెట్టె మోశాడు. తిరిగొచ్చేసరికి ఏటి హోరు మొదలైంది. తాడు మేకుకు వేలాడుతూనే ఉంది. నన్ను కట్టలేదు.

మర్నాడు పొద్దున్న చిప్పలో ఏదో పట్టుకుని వచ్చాడు. వాసన తగిలేసరికి నాకు తెలిసిపోయింది. ఆముదం, గడ్డి మసి. ఆ వాసనను నేను మరిచిపోయాననుకున్నాను. వేళ్ళతో తీసి ఆ చివరకు రాశాడు. ఆ రోజు రాసినంతా రాశాడు. ఇంకో రెండు వేళ్ళు ఎక్కువే.

అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో అక్కడ పట్టుకుని, కళ్ళు మూసుకుని వెనక్కి లాగాడు. ముప్పై ఎనిమిదేళ్ళు నన్నెత్తిన చేతులు. ఊళ్ళో అంత పట్టు ఇంకెవరికీ లేదు. వేళ్ళు ఒక్కొక్కటే జారాయి. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారాయి. మూడోసారి నరాలు తేలేదాకా పట్టుకున్నాడు. ఎడమచేతి చిటికెనవేలు చివర జారింది.

"ఒగ్గకపోయినా జారిపోతాది, అన్నా" అన్నాడు.

అరచేతులు తుండుకు తుడుచుకున్నాడు. నన్ను తుడవలేదు. గోనెపట్టా కప్పలేదు. కందెన అలాగే ఉండనిచ్చి, నాగలి తీసుకుని పొలానికి వెళ్ళాడు.